బ్యాటరీ ఆయుష్షు ఆ మిల్లీమీటరు పూతలోనే

ఎలక్ట్రిక్ వాహనం కొనేవాళ్లు రెండే అడుగుతారు. ఒక్క చార్జింగ్‌తో ఎంత దూరం పోతుంది, ఎంతసేపట్లో ఫుల్ అవుతుంది? కంపెనీలు కూడా ఆ రెండు అంకెలనే పెద్ద అక్షరాల్లో వేస్తాయి. ఎక్కడైనా బండి అంటుకుందన్న వార్త వచ్చిన రోజు మాత్రం అందరికీ బ్యాటరీ వేడి గుర్తొస్తుంది. వారం తిరిగేసరికి చర్చ మళ్లీ రేంజ్ దగ్గరికే వస్తుంది. బ్యాటరీ ఎన్నేళ్లు బతుకుతుందో తేల్చడంలో సెల్‌కీ (బ్యాటరీలో వందల కొద్దీ ఉండే చిన్న విద్యుత్ ఘటాల్లో ఒకటి) దాని వేడిని లాగే కూలింగ్ ప్లేటుకీ మధ్య పూసే మిల్లీమీటరు మందం పదార్థానికి చాలా పెద్ద పాత్ర ఉందని, దాని గురించి కొనేవాడికి ఒక్క ముక్క కూడా చెప్పకపోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

వేడి ఎలా పుడుతుందో తెలిసిందే. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. సెల్స్ అన్నీ కలిపిన ప్యాక్ మొత్తం నిరోధం 0.1 ఓమ్ అనుకుందాం. 100 ఆంపియర్లతో చార్జ్ చేస్తే పుట్టే వేడి 1 కిలోవాట్. 300 ఆంపియర్లతో చేస్తే 9 కిలోవాట్లు. అంటే తొమ్మిది ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి ఆన్ చేసి సీట్ల కింద పెట్టినట్టు. లిథియం అయాన్ సెల్ హాయిగా పనిచేసేదేమో సుమారు 15 నుంచి 35 డిగ్రీల మధ్య.

ఈ వేడిని మోసుకుపోవడానికి ప్లేటులో పారే కూలెంట్ ద్రవం, పంపు, రేడియేటర్ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ వేడి ముందు ఆ కూలెంట్ దాకా చేరాలి. సెల్ అడుగుభాగం, ప్లేటు పైభాగం కంటికి ఎంత నున్నగా కనిపించినా ఒకదానిమీద ఒకటి పూర్తిగా ఆనవు. మధ్యలో గాలి చేరుతుంది. గాలి ఉష్ణవాహకత, అంటే వేడిని తనగుండా పోనిచ్చే గుణం, మీటరుకు డిగ్రీకి 0.026 వాట్లు మాత్రమే. అల్యూమినియంది 200కు పైమాటే. సందుల్లో నింపే గ్యాప్ ఫిల్లర్ పేస్టుది 3 అనుకుందాం. అల్యూమినియం పక్కన అది చాలా తక్కువే. కానీ ఆ చోట పోల్చాల్సింది గాలితో. ఆ 9 కిలోవాట్లు ఒకటిన్నర చదరపు మీటర్ల ప్లేటులోకి దిగాలంటే, మిల్లీమీటరు పేస్టుకు రెండు వైపులా 2 డిగ్రీల తేడా ఉంటే చాలు. అదే మిల్లీమీటరు గాలి ఉంటే, లెక్క ప్రకారం 230 డిగ్రీల తేడా కావాలి. అంత వేడెక్కేలోపే సెల్ పని అయిపోతుంది. కింద ఎంత ఖరీదైన పంపు తిరుగుతున్నా చేసేదేమీ ఉండదు.

ఆ పేస్టు తయారు చేయడం ఆషామాషీ పని కాదు. దానికి మూలమైన సిలికోన్ (రబ్బరు లాంటి పదార్థం) వేడిని సరిగ్గా పోనివ్వదు, దాని వాహకత సుమారు 0.2. అందుకే అందులో అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొడి కలుపుతారు. లోహం పొడి కలిపితే వేడి ఇంకా బాగా పోతుంది కానీ కరెంటు కూడా పోతుంది, వందల వోల్టుల ప్యాక్‌లో అది కుదరదు. బోరాన్ నైట్రైడ్ వేడిని బ్రహ్మాండంగా పంపుతుంది, కరెంటును ఆపుతుంది, కానీ ఖరీదెక్కువ. పైగా దాని రేకులు ఏ వైపు పడుకుంటే ఆ వైపే వేడి బాగా నడుస్తుంది. అల్యూమినా చవకే, కానీ నీటికి దాదాపు నాలుగింతల బరువు. పొడి ఎక్కువైతే పేస్టు గట్టిపడి, నొక్కేటప్పుడు సెల్ మీదే ఒత్తిడి పెడుతుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది దీని తర్వాతి సంగతి. చార్జ్ అయిన ప్రతిసారీ సెల్ కాస్త ఉబ్బుతుంది, వాడుతుంటే మళ్లీ తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఇదే కదలిక. రోడ్డు మీద అదురు దీనికి తోడు. నాసిరకం పేస్టు మెల్లగా పక్కలకు జరుగుతుంది, ఎండుతుంది, పగులుతుంది. మొదట్లో తరిమేసిన గాలి అక్కడికే తిరిగొస్తుంది. పైనుంచి చూస్తే ఏ తేడా కనిపించదు. ఏదో ఒక మూల నాలుగు సెల్స్ మిగతావాటి కంటే ఎక్కువ వేడెక్కుతూ, ముందే ముసలివైపోతాయి. వరుసలో బలహీనమైన సెల్ ఎంత ఇస్తే ప్యాక్ మొత్తం అంతే ఇస్తుంది.

సెల్స్ మధ్య అవసరం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ప్లేటు వైపు వేడికి దారి ఇవ్వాలి, పక్క సెల్ వైపు అదే వేడిని అడ్డుకోవాలి. లోపం ఉన్న సెల్ ఒకటి అదుపు తప్పి, సుమారు 130 డిగ్రీల దగ్గర లోపలి రెండు ధ్రువాలను వేరుగా ఉంచే పాలిథిలిన్ పొర కరిగిపోయిందంటే ఆ సెల్‌ను కాపాడటం చాలా కష్టం. పక్కదాన్ని కాపాడాలి. ఆ పని ఏరోజెల్ (గాలి నిండిన, చాలా తేలికైన ఘనపదార్థం), అభ్రకం షీట్లు చేస్తాయి. ఆగి ఉన్న బండిలో పంపు తిరగకపోవచ్చు, ఈ షీట్లు మాత్రం కాపలా కాస్తూనే ఉంటాయి. మంటలు రావడానికి 5 నిమిషాల ముందు హెచ్చరిక ఇస్తే చాలని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్న చైనా, 2026 జూలై 1 నుంచి అమల్లోకి తెచ్చే ప్రమాణంలో అసలు మంటే రాకూడదు, పేలకూడదు అని రాసుకుంది. ఆ నిబంధనను అందుకోవాలంటే ఇలాంటి పదార్థాల మీద ఖర్చు పెట్టక తప్పదు.

వేడిని పీల్చుకోవడానికి సెల్స్ చుట్టూ మైనం వాడొచ్చు కదా అనే ఆశ కూడా ఒకటుంది. పారాఫిన్ మైనం కరిగేటప్పుడు కిలోకు సుమారు 200 కిలోజౌళ్ల వేడి మింగుతుంది. కారులో 20 నిమిషాల ఫాస్ట్ చార్జింగ్‌కు మన లెక్కన 54 కిలోల మైనం కావాలి, అది అయ్యే పని కాదు. అదే 200 వాట్ల వేడి పుట్టే స్కూటర్ ప్యాక్‌కు కిలోంబావు సరిపోతుంది. గ్రాఫైట్ కలిపిన మైనం టూవీలర్లకు మంచి మందు అని నేను అనేది అందుకే. మళ్లీ వేడి మింగాలంటే మైనం గడ్డకట్టేదాకా ఆగాల్సిన మాట నిజమే.

ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ వచ్చాక ఇంత టెన్షన్ ఎందుకు, రేపు లోపల ద్రవానికి బదులు ఘనపదార్థం ఉండే సాలిడ్ స్టేట్ కూడా వస్తుంది కదా అన్నది అవతలివాళ్ల వాదన. ఎల్ఎఫ్‌పీ అంత తేలిగ్గా అదుపు తప్పదు, ఒప్పుకుంటాను. కానీ అంటుకోకపోవడం వేరు, అరిగిపోకపోవడం వేరు. ఏ సెల్‌కైనా నిరోధం ఉంటుంది, నిరోధం ఉన్నచోట వేడి ఉంటుంది.

2010లో వచ్చిన ఎలక్ట్రిక్ కారు నిస్సాన్ లీఫ్‌లో లిక్విడ్ కూలింగ్ లేదు. రెండేళ్లకే, 2012లో, అమెరికాలో అరిజోనా ఎండల్లో తిరిగిన కార్ల బ్యాటరీ సామర్థ్యం తగ్గిపోతోందని యజమానులు గొడవ పెట్టారు. చివరికి బ్యాటరీ సామర్థ్యం మీద కూడా కంపెనీ వారంటీ ఇవ్వాల్సి వచ్చింది. అక్కడ ఒక్క బండి తగలబడకపోయినా కొన్నవాళ్లు నష్టపోయినవాళ్లే. వేడి చేసే నష్టం ఎక్కువగా ఇలా చడీచప్పుడు లేకుండానే జరుగుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. బరువు, ఖర్చు తగ్గించడానికి సెల్స్‌ను నేరుగా ప్యాక్‌లోనే జిగురుతో అతికించేస్తున్నారు. ఆ జిగురే వేడిని పంపుతుంది, అదే సెల్స్‌ను పట్టి ఉంచుతుంది. ఇంజినీరింగ్‌గా చూస్తే ముచ్చటగానే ఉంటుంది. రేపు ఒక్క సెల్ పాడైతే? దాన్ని ఊడదీయాలంటే పక్కవి చిరుగుతాయి. మెకానిక్ చేతులెత్తేస్తాడు, మొత్తం ప్యాక్ మార్చమంటారు. వేడిని బాగా పంపుతూ, అవసరమైనప్పుడు ఒలిచి తీయగలిగే పదార్థాలూ ఉన్నాయి. ఒలిచి తీసే ప్యాడ్‌కు బదులు జిగురు వాడారంటే, రిపేర్ ఖర్చును కొన్నవాడి నెత్తిన వేయడానికి ముందే నిర్ణయించుకున్నట్టే నేను లెక్కవేస్తాను. ఐరోపా యూనియన్ 2027 ఫిబ్రవరి 18 నుంచి ఈవీ బ్యాటరీలకు డిజిటల్ పాస్‌పోర్ట్ తప్పనిసరి చేస్తోంది. బ్యాటరీని ఎలా విప్పాలో, ఏ పనిముట్లు కావాలో రిపేర్ చేసేవాళ్లకు చెప్పాలని అందులో ఉంది. ప్రతి దేశమూ దీన్ని అందిపుచ్చుకోవాలి.

నేనైతే ఇంకో అంకె కూడా అడుగుతాను. ప్యాక్‌లో అన్నిటికంటే వేడి సెల్‌కీ చల్లటి సెల్‌కీ మధ్య తేడాను 5 డిగ్రీల లోపు ఉంచాలన్నది డిజైనర్లు సాధారణంగా పెట్టుకునే లక్ష్యం. ఫాస్ట్ చార్జింగ్‌లో ఆ తేడా కొత్త బండిలో ఎంత, వెయ్యిసార్లు చార్జ్ చేశాక ఎంత? రేంజ్ పక్కనే, అదే సైజు అక్షరాల్లో, ఈ రెండూ వేయాలి. సెన్సర్లు ఇప్పటికే ప్యాక్‌లో ఉన్నాయి, అవి చదివే అంకెల్నే బయటపెట్టమంటున్నాను. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడు కూడా తన బండిలో ఆ తేడా ఇవాళ ఎంతుందో చూసుకుని, బేరం ఆడాలో వెనక్కి తిరగాలో తేల్చుకుంటాడు.