రాజుగారి గ్లాసు, స్కాట్ దొరగారి కోటు జేబు

గాజు గ్లాసును కోటు వెనుక జేబులో పెట్టుకొని కుర్చీలో కూర్చోరాదని ఏ శాస్త్రంలోనూ రాసి ఉండదు. అలా రాయవలసిన అవసరం వస్తుందని శాస్త్రకారులెవరికీ తోచి ఉండదు. అయినా 1822 ఆగస్టు 14న, ఎడిన్‌బరో నగరంలోని కాజిల్ స్ట్రీట్‌లో ఒక పెద్దమనిషి సరిగ్గా ఆ పనే చేశాడు. ఆయన కవి, న్యాయాధికారి, రెండేళ్ల కిందటే బ్యారనెట్ బిరుదు అందుకొన్న సర్ వాల్టర్ స్కాట్. గ్లాసు కూడా సామాన్యమైనది కాదు. బ్రిటన్ ఏలిక నాలుగో జార్జి రాజు అందులో విస్కీ తాగి ఎంతోసేపు కాలేదు.

ఇంతకూ రాజుగారి గ్లాసు కవిగారి జేబులోకి ఎందుకు వచ్చిందో చెప్పాలి. 1651లో స్కోన్‌లో పట్టాభిషేకం చేసుకొన్న రెండో చార్లెస్ తరువాత, సింహాసనం మీద ఉన్న రాజెవరూ స్కాట్లాండ్ గడప తొక్కలేదు. ఈ నూట డెబ్బై ఏళ్లలో ఆ దేశానికి జరగవలసినవన్నీ జరిగిపోయాయి. 1707లో ఇంగ్లండుతో విలీనమై సొంత పార్లమెంటు పోయింది. కిరీటాన్ని, రాజదండాన్ని, ఖడ్గాన్ని ఎడిన్‌బరో కోటలో ఒక పెట్టెలో పెట్టి తాళం వేస్తే, అవి ఉన్నాయో లేవో కూడా జనం మరిచిపోయారు. 1818లో పెట్టె పగలగొట్టించి వాటిని వెలుగులోకి తెచ్చినవాడు ఈ స్కాటే. 1746లో కలోడెన్ మైదానంలో, రాజుపై తిరగబడిన హైలాండ్ సేన, అంటే ఉత్తరాది కొండసీమవారి సేన, నేలకూలింది. ఆ వెంటనే ఆ కొండసీమవారి గళ్ల బట్టల హైలాండ్ దుస్తులు మగవారు ధరించరాదని లండన్ పార్లమెంటు చట్టం చేసింది, 1782 దాకా దానిని ఎత్తివేయలేదు. కలోడెన్‌లో ఆ పని పూర్తిచేసిన కంబర్లాండ్ డ్యూక్ మన జార్జి రాజుకు స్వయానా చిన్నతాతగారు. అటువంటి తాతగారి మనుమడు ఇప్పుడు అదే దుస్తులు కట్టుకొని, అదే దేశంలో ఊరేగబోతున్నాడు.

ఈ పెళ్లికి పెళ్లిపెద్ద స్కాట్. వరుడి తరఫా, వధువు తరఫా అని అడిగితే తేల్చడం కష్టం. తాంబూలాలు ఇచ్చేదీ ఆయనే, పుచ్చుకొనేదీ ఆయనే. దొరికిన వ్యవధి కొద్ది వారాలు. అందులోనే ఊరేగింపులు, విందులు, దర్బారులు అన్నీ రాసిపెట్టాడు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏమి ధరించాలో చెబుతూ ఒక చిన్న పుస్తకం కూడా అచ్చువేయించాడు. హైలాండ్ నృత్యోత్సవానికి సైనిక దుస్తుల్లో వచ్చేవారు తప్ప తక్కిన పెద్దమనుషులందరూ ప్రాచీన హైలాండ్ వేషంలోనే రావాలన్నది అందులోని ముఖ్యమైన ఆజ్ఞ. చిక్కేమిటంటే, ఎడిన్‌బరో హైలాండ్స్‌లో లేదు. అది దక్షిణాన ఉన్న పల్లపు సీమ, లోలాండ్. అక్కడి లోలాండ్ వకీళ్ల తాతలు గళ్ల బట్ట కట్టినవాడు దూరాన కనిపిస్తే పశువులను కొట్టంలో కట్టేసి తలుపు గడియ పెట్టుకొన్నవారు. ఇప్పుడు వారి మనుమలు తమ వంశంలో ఎక్కడైనా ఒక హైలాండ్ అమ్మమ్మ దొరుకుతుందేమోనని వెతుక్కొంటూ, దొరికిన అమ్మమ్మ పేరు చెప్పి దర్జీల గుమ్మాల ముందు బారులు తీరారు. అదే కాలంలో సదర్లాండ్ ప్రాంతంలో నిజమైన హైలాండ్ కుటుంబాలను వేల సంఖ్యలో ఇళ్లనుంచి వెళ్లగొట్టి, ఆ నేలను గొర్రెల మందలకు అప్పగించారు. దుస్తులకు గౌరవం దక్కింది. వాటిని తరతరాలుగా కట్టినవారికి మాత్రం నిలువ నీడ దక్కలేదు. ఈ సంగతి పక్కన పెట్టి ఆ ఉత్సవాన్ని చూసి నవ్వడం నాకు చేతకాదు.

సరే, ఆగస్టు 14. రాజుగారి ఓడ లీత్ రేవు ముందు లంగరు వేసేసరికి కుండపోత వాన. రాజు దిగడం మరునాటికి వాయిదా పడింది. స్కాట్ మాత్రం ఆగలేదు. ఎడిన్‌బరో మహిళలు పంపిన వెండి శిలువను పట్టుకొని, తడుస్తూనే పడవలో ఓడ దగ్గరికి చేరాడు. వచ్చినవాడు స్కాట్ అని విన్న రాజు, స్కాట్లాండ్‌లో తాను అందరికంటే ఎక్కువగా చూడగోరిన మనిషి అతడేనంటూ పైకి పిలిపించాడు. హైలాండ్ విస్కీ తెప్పించి, అతని ఆరోగ్యం కోరుతూ తాగాడు, అతనికీ పోయించాడు. స్కాట్ తన గ్లాసు ఖాళీ చేసి, ఏలినవారు తాగిన ఆ గ్లాసును తనకు దయచేయించమని ప్రార్థించాడు. రాజు ఇచ్చాడు. ఆ పవిత్ర పాత్రను గుడ్డలో చుట్టి, తన ఒంటిమీద అత్యంత సురక్షితమని తాను నమ్మిన చోట, అనగా కోటు వెనుక వేలాడే అంచులోని జేబులో, స్కాట్ భద్రపరిచాడు.

నిజానికి ఆయన జాగ్రత్తలో లోపమేమీ లేదు. ఆయన అల్లుడు లాక్‌హార్ట్ రాసినదాని ప్రకారం, ఆ కోటు అంచును ఒంటి ముందుకు లాగి పట్టుకొని, దారి పొడవునా గ్లాసును కాపాడుకొంటూనే వచ్చాడు. తాళం వేసిన పెట్టెలోంచి ఒక దేశపు కిరీటాన్ని చెక్కుచెదరకుండా బయటికి తీయించిన మనిషికి గ్లాసు ఒక లెక్కా? కాని ఇంట్లో ఒక అతిథి ఉన్నాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన అరవై ఏడేళ్ల కవి, మతగురువు జార్జి క్రాబ్. చిరకాలంగా ఉత్తరాలలో సాగిన స్నేహం. రమ్మని ఎన్నాళ్లుగానో పిలిస్తే, రాజు వచ్చే వారమే చూసుకొని దిగాడాయన. పైగా ఆనాడే స్కాట్ ప్రాణమిత్రుడు విలియం ఎర్స్‌కిన్ కన్నుమూశాడు. తడిసిన బట్టలతో, తొందరలో, దుఃఖంలో గుమ్మం దాటిన స్కాట్, ఎదురుగా క్రాబ్‌ను చూడగానే రెండు చేతులూ చాచి కౌగిలించుకొన్నాడు. రెండు చేతులూ చాచాలంటే కోటు అంచును వదలాలి. అది మెల్లగా జారి, సహజంగా తాను ఉండవలసిన వెనుక స్థానానికి చేరుకొంది. స్కాట్ మిత్రుడి పక్కన కుర్చీలో కూర్చొన్నాడు.

గ్లాసు పొడిపొడి అయింది. స్కాట్ పెట్టిన కేకకు, ఎగిరిన ఎగురుకు ఆయన భార్య తన భర్త ఏ కత్తెర మీదనో కూర్చొన్నాడనుకొని హడలిపోయింది. ఒంటికి తగిలిన దెబ్బ చెప్పుకోదగినదేమీ కాదు. కాని ఆయనకు ఒంటి ధ్యాస ఎక్కడిది? వంశపారంపర్యంగా మనుమలకు, మునిమనుమలకు అందవలసిన నిధి కుర్చీ దాటి ముందుకు పోలేదు.

ఆ వారంలో అదృష్టం తిరగబడినది స్కాట్ కుర్చీలోనే అనుకొంటే పొరపాటు. 17వ తేదీన హోలీరూడ్ రాజప్రాసాదంలో దర్బారు. రాజు అరవయ్యో పడిలో అడుగుపెట్టినవాడు, భారీ శరీరం కలవాడు. 1,354 పౌండ్లు ఖర్చుపెట్టి కుట్టించిన టార్టన్ కిల్ట్‌లో, అంటే గళ్ల బట్టతో నడుముకు చుట్టే హైలాండ్ వేషంలో, ప్రవేశించాడు. కిల్ట్ మోకాళ్లకు పైన ఆగిపోయింది. ఆ కింది ప్రదేశాన్ని గులాబీరంగు బిగుతు మేజోళ్లు కప్పడానికి శాయశక్తులా ప్రయత్నించాయి. అంత పొట్టిదేమిటని ఎవరో నొచ్చుకొంటే, మన మధ్య ఆయన ఉండేది ఇంత కొద్దికాలం కనుక ఎంత ఎక్కువగా కనిపిస్తే అంత మంచిదని లేడీ హామిల్టన్-డాల్రింపుల్ అన్నట్లు చెబుతారు. అది చాలదన్నట్లు, లండన్ మాజీ మేయరు సర్ విలియం కర్టిస్ కూడా అంతే బొద్దుగా, అదే వేషంలో అక్కడే ప్రత్యక్షమయ్యాడు. కొన్నేళ్లకు రాజుగారి చిత్రం గీసిన డేవిడ్ విల్కీ దయాళువు. గులాబీరంగు మేజోళ్లను కుంచెతోనే మాయం చేశాడు. ఇన్ని అవకతవకల మధ్య స్కాట్ కూర్చిన వేషం మాత్రం చెక్కుచెదరలేదు. నేటికీ స్కాట్లాండ్ పెళ్లిలో వరుడు, లోలాండ్ వాడైనా సరే, తరచుగా కిల్ట్‌లోనే నిలబడతాడు.

క్రాబ్ సంగతి మిగిలిపోయింది. ఆ దినాల్లోనే ఒక ఉదయం ఆయన మేడ దిగి వచ్చేసరికి, ఫలహారపు గదిలో గళ్ల బట్టలు కట్టిన కొందరు హైలాండ్ నాయకులు తమలో తాము తమ సీమ భాష గేలిక్‌లో మాట్లాడుకొంటున్నారు. వీరెవరో విదేశీయులని క్రాబ్ నిశ్చయించుకొన్నాడు. నల్లని దుస్తులలో, బకిల్స్ బిగించిన బూట్లతో ఉన్న ఆ ముసలాయనను చూసి, ఇతడెవరో ఫ్రెంచి మతగురువు అని వారూ నిశ్చయించుకొన్నారు. మర్యాదస్తులు కనుక ఎవరూ ఊరుకోలేదు. ఒకే రాజుకు ప్రజలైన ఆ ఇంగ్లీషు కవి, ఆ స్కాట్లాండ్ దొరలు, ఇరుపక్షాలకూ సరిగా రాని ఫ్రెంచిలో చెమటలు కక్కుతూ సంభాషించుకొంటూ ఉండగా, స్కాట్ తలుపు తీసుకొని లోపలికి వచ్చి అందరికీ కలిపి ఇంగ్లీషులో గుడ్ మార్నింగ్ చెప్పాడు.