సీఈఎస్ ఎదుగుదల: తలల లెక్క చెప్పనిది

ఏటా జనవరిలో లాస్ వేగాస్‌లో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరిగాక నిర్వాహక సంస్థ సీటీఏ హాజరు లెక్క ప్రకటిస్తుంది. 2025లో అది లక్షా 42 వేలు దాటింది. 2020లో లక్షా 71 వేలు, కొవిడ్ నీడలో జరిగిన 2022లో సుమారు 45 వేలు. వార్తలన్నీ ఈ అంకె పట్టుకునే నడుస్తాయి. కానీ ప్రదర్శన బలం తెలియాలంటే చూడాల్సింది ఇది కాదు.

అదే ఊళ్లో కామ్‌డెక్స్ అనే కంప్యూటర్ల ప్రదర్శన జరిగేది. మంచి రోజుల్లో దానికి రెండు లక్షల మంది వచ్చేవారు. పెద్ద కంపెనీలు ఒక్కొక్కటే జారుకున్నాయి, 2003 తర్వాత మళ్లీ జరగలేదు. సీఈఎస్‌ నుంచి పెద్ద కంపెనీలు పోలేదా అంటే, పోయాయి. సొంత స్టాల్, ప్రారంభోపన్యాసం రెండూ 2012తో చాలని మైక్రోసాఫ్ట్ వెళ్లిపోయింది. 2007లో సీఈఎస్ జరుగుతున్న రోజుల్లోనే యాపిల్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐఫోన్ చూపించి వార్తలన్నీ లాగేసుకుంది. అయినా ఇది కూలలేదు, ఎందుకంటే ఒక్క సరుకును నమ్ముకోలేదు. 1967లో న్యూయార్క్ హోటళ్లలో 117 కంపెనీలతో మొదలైనప్పుడు రేడియోలు, టీవీలే సరుకు. వీడియో గేములు 1995లో ఈ3 అనే సొంత ప్రదర్శనగా వేరు కుంపటి పెట్టుకుంటే ఆ చోటు ఖాళీగా ఉండలేదు. తర్వాతి కాలంలో కార్లు, ఆరోగ్య పరికరాలు వచ్చి చేరాయి. ఒక్క సరుకునే నమ్ముకున్న ఆ ఈ3 2023లో శాశ్వతంగా మూతపడింది.

అసలు చూడాల్సింది స్టాళ్ల సగటు వైశాల్యం. 2020లో దాదాపు 4,400 కంపెనీలు 29 లక్షల చదరపు అడుగుల్లో సర్దుకున్నాయి. 2025లో కంపెనీలు 4,500, స్థలం సుమారు 25 లక్షలు. అంటే సగటు 660 అడుగుల నుంచి 555కి పడింది. కంపెనీల సంఖ్య నిలిచింది చిన్నవాళ్ల వల్లేనని నా అంచనా. 2012లో స్టార్టప్‌ల కోసం మొదలైన యురేకా పార్క్ విభాగంలో ఇప్పుడు వెయ్యికి పైగా స్టార్టప్‌లున్నాయి.

ఈ చిన్నవాళ్లు ఎక్కడ దెబ్బతింటారు? స్థలం అద్దె చూసి బడ్జెట్ వేసుకుంటారు. మామూలు స్టాల్‌కు కరెంటు వేరు, ఇంటర్నెట్ వేరు, సరుకును లారీ దగ్గర్నుంచి స్టాల్ దాకా మోయించే ఖర్చు నూరు పౌండ్ల బరువుకు ఇంత అని ఇంకా వేరు. పెట్టె గడువు దాటి చేరితే దానిమీద అదనపు వడ్డన. బరువైన చెక్క అలమరాకు బదులు మడిచే గుడ్డ తెర తీసుకెళ్తే ఇందులో చాలా మిగులుతుంది.

డెమో ఆగిపోవడానికి తరచూ కారణం గాలిలోని రద్దీ. వేల వైఫై, బ్లూటూత్ పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే రేడియో తరంగాల పట్టీ మీదే కొట్టుకుంటుంటే ఆఫీసులో చక్కగా పనిచేసినది హాల్లో కనెక్టే కాదు. పరికరానికి కేబుల్ దారి ఒకటి ఉంచాలి, అది కూడా మొరాయిస్తే చూపించడానికి వీడియో సిద్ధంగా ఉండాలి.

కొనుగోలుదారుల క్యాలెండర్ మరొకటి. జనవరిలో చూసిన వస్తువు ఏడాది చివరి పండుగ అమ్మకాలకు అందాలంటే ధర, కనీస ఆర్డరు, డెలివరీ తేదీ అక్కడే చెప్పగలగాలి. నమూనా ఒక్కటే ఉండి ఫ్యాక్టరీ ఇంకా ఖరారు కానివారికి స్టాల్ దండగ. ముందే అపాయింట్‌మెంట్లు తీసుకుని దగ్గర్లోని హోటల్లో ఒక గది పెట్టుకుంటే చాలు.