అమ్మమ్మ ఒడి సంగతి కూడా రాయండి

చిన్నప్పటి అనుబంధమే జీవితాంతం కాపురాన్ని నడిపిస్తుందన్న మీ వ్యాసంలోని మాట సగమే నిజమండి. మాది టెక్కలి దగ్గర పల్లె. నా మూడో ఏట అమ్మానాన్న చెన్నైకి భవనాల పనికి వలసెళ్లారు. పెంచింది అమ్మమ్మే. సంక్రాంతికి అమ్మ వస్తే దగ్గరికెళ్లకుండా తలుపు చాటున నిలబడేవాణ్ణట. తల్లి తిరిగొచ్చినా ముఖం తిప్పుకునే ఏడాది పిల్లల గురించి మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ రాసింది చదివితే కళ్లు చెమర్చాయి. పెళ్లయ్యాకా అంతే, మా ఆవిడ కంటతడి పెడితే నేను వీధిలోకి వెళ్లిపోయేవాణ్ణి. హేజన్, షేవర్ అనే మనస్తత్వవేత్తలు 1987లో ఈ చిన్ననాటి అనుబంధ సిద్ధాంతాన్ని పెద్దల ప్రేమకి అన్వయించారు, సరే. కానీ తర్వాతి బంధాలతో మనసు మారగలదని ఆ సిద్ధాంతానికి మూలపురుషుడైన జాన్ బౌల్బీయే చెప్పాడు కదా! ఆవిడ ఆరేళ్లు ఓపికపట్టింది. ఇప్పుడు మాటామాటా వచ్చినా లేచిపోకుండా పక్కనే కూర్చుంటున్నాను. మా వలస పల్లెల్లో అమ్మమ్మలు, నాయనమ్మలు పెంచిన పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ల ఊసే వ్యాసంలో లేదు.