పాత పికప్ ఇంజిన్‌కు చావే లేదట!

మామిడి సీజన్ మొదలైతే చాలు, ఆ మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలవుతుంది. "పాత పికప్ ఇంజిన్‌కు చావు లేదు, కొత్తవన్నీ కంప్యూటర్ బొమ్మలు" అని పెద్ద హెడ్డింగ్, కింద వరసగా పాయింట్లు, చివర్లో "ప్రతి డ్రైవర్ సోదరుడికీ చేరేదాకా షేర్ చేయండి". బంధువుల గ్రూపులో అదే, చిత్తూరు బండ్ల ఓనర్ల గ్రూపులో అదే. పల్ప్ ఫ్యాక్టరీ ముందు తోతాపురి లోడుతో క్యూలో నిలబడిన కుర్ర డ్రైవర్లు కూడా దాన్నే ఒకరికొకరు చదివి వినిపించుకుంటున్నారు. ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు వదిలేశాను. ఈసారి పంపినాయన ఏళ్ళ తరబడి స్టీరింగ్ పట్టిన మనిషి, పైగా కింద "నిజమే కదన్నా" అని రాశాడు. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

మొదటి పాయింటు: "పాత ఇంజిన్ పది లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది, అమెరికాలో ఒక టయోటా పికప్ పదహారు లక్షలు తిరిగింది, అదే సాక్ష్యం." టయోటా సంగతి నిజమే. లూసియానాలో ఒకాయన 2007 మోడల్ టండ్రా, 2016లో పది లక్షల మైళ్ళకు చేరింది, కంపెనీ వాళ్ళే దాన్ని తీసుకుని ఆయనకు కొత్త బండి ఇచ్చారు. కానీ అది కంప్యూటర్ ఉన్న పెట్రోల్ ఇంజిన్ అయ్యా, కంప్యూటర్ బొమ్మలు పనికిరావని చెప్పడానికి దాన్నే తెచ్చారు! తొమ్మిదేళ్ళలో అంత దూరమంటే రోజుకు సుమారు 490 కిలోమీటర్లు. పొద్దున ఒకసారి స్టార్ట్ చేస్తే ఇంజిన్ చల్లారే పనే లేకుండా హైవే మీద నడిచిన బండి అది, సర్వీసు కూడా టైముకు చేయించాడు. దామలచెరువు తోటల్లో మొదటి గేరులో ఈదుకుంటూ బయటకొచ్చి, మండీ దగ్గర అరపూట ఆగి, మళ్ళీ స్టార్ట్ అయ్యే మన బండికీ దానికీ ఏం పోలిక?

ఇక మన దగ్గర "పది లక్షలు తిరిగింది" అనే బండ్ల గురించి. ఆ ఓనర్‌ను నిదానంగా కూర్చోబెట్టి అడగండి, మధ్యలో అరిగిన సిలిండర్లను ఎన్నిసార్లు బోరు చేయించాడో, క్రాంక్ ఎప్పుడు గ్రైండింగ్‌కు పోయిందో, పిస్టన్లు, రింగులు, బేరింగులు ఎన్ని సెట్లు పడ్డాయో, హెడ్ ఎన్నిసార్లు దిగిందో. బ్లాకు ఒక్కటే పాతది, లోపల అరిగేవన్నీ కొత్తవి. అది ఇంజిన్ గొప్పా, లేత్ షాపు గొప్పా? ఇంకో సంగతి, మనకు కనిపించేది బతికిన బండ్లే. అదే ఏడాది అదే కంపెనీలో తయారై అయిదో ఏడే ఇంజిన్ సీజ్ అయిపోయి, తునకలై పాత ఇనుప కొట్టుకు పోయినవాటి గురించి ఎవరూ మెసేజ్ రాయరు. మీటరు కేబుల్ తెగి ఏళ్ళ తరబడి అలాగే తిరిగిన బండికి లక్షలు ఎవరు లెక్కపెట్టారో అది కూడా నాకు అర్థం కాదు.

"పాత ఇనుము దిట్టం" అని రెండో పాయింటు. కొత్త డీజిల్ ఇంజిన్లలో కూడా చాలావాటికి బ్లాకు పోత ఇనుమే. పాతవి తట్టుకోవడానికి కారణం వేరే ఉంది. మహీంద్రా పాత 2523 సీసీ డీఐ ఇంజిన్ చూడండి, రెండున్నర లీటర్లు ఉండి కూడా 70 హార్స్‌పవర్ లోపే ఇచ్చేది. దాని ఒంట్లో ఉన్న బలంలో కొంతే బయటకు తీసేవాళ్ళు, అందుకే ఎక్కువ లోడేసినా చాలాకాలం భరించింది. మెచ్చుకోవాల్సింది ఆ డిజైన్‌ను. ఆ ఇనుములో మంత్రమేమీ లేదు.

"మన ఎండలకు థర్మోస్టాట్ దండగ, పీకి పారేయండి" అనేది మూడోది, ఇది చాలామంది మెకానిక్‌లు కూడా చేసే పనే కాబట్టి చెప్పాలి. రేణిగుంటలో బయట 43 డిగ్రీలుంటే ఇంజిన్‌లో నీళ్ళకు కావాల్సింది దానికి దాదాపు రెట్టింపు. థర్మోస్టాట్ 80 డిగ్రీల పైన ఎక్కడో తెరుచుకుంటుంది, అప్పటిదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఇంజిన్‌ను త్వరగా వేడెక్కిస్తుంది. అది లేకపోతే ఖాళీ బండి తెల్లవారుజామున పోతున్నప్పుడు ఇంజిన్ కాగదు, డీజిల్ పూర్తిగా మండదు, మండనిది సిలిండర్ గోడల మీద ఆయిల్ పొరను కడిగేసి కిందికి దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది. రింగులు, లైనర్లు అరిగేది అక్కడ. కొన్ని ఇంజిన్లలో ఇంకా ఘోరం, థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని అదే మూస్తుంది, దాన్ని పీకేస్తే సగం నీళ్ళు రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగి ఇంజిన్‌లోకి వస్తాయి, లోడు మీద బండి ఉడికిపోతుంది. ఉడుకుతోందని పీకితే మరింత ఉడికే బండి! ఉడికే బండికి ముందు రేడియేటర్ చూడాలి, వాటర్ పంపు చూడాలి, ఫ్యాన్ బెల్టు చూడాలి.

ఇప్పుడు అసలు దానికి వస్తున్నా. నాకు ఒళ్ళు మండిన పాయింటు ఇది, యథాతథంగా రాస్తున్నా: "ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్ ఆఫ్ చేసి న్యూట్రల్‌లో వదలండి, ఇంజిన్‌కు రెస్ట్, డీజిల్ మిగులు, ఆయుష్షు రెట్టింపు."

రాసినవాడు ఎప్పుడైనా టమాటా లోడుతో పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగాడా? మదనపల్లె వైపు నుంచి తిరుపతికి రాత్రిపూట భాకరాపేట ఘాట్‌లో వచ్చాడా? ఈ పికప్‌లలో బ్రేక్ పెడల్‌కు బలమిచ్చేది వాక్యూమ్ బూస్టర్. డీజిల్ ఇంజిన్‌లో ఆ వాక్యూమ్ దానంతట అది పుట్టదు, దానికో పంపు ఉంటుంది, చాలా బండ్లలో డైనమో వెనకే బిగించి ఉంటుంది, ఇంజిన్ తిరిగితేనే తిరుగుతుంది. ఇంజిన్ ఆపాక బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకు అయిపోతుంది. నాలుగో తొక్కుకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. పవర్ స్టీరింగ్ బండైతే అదీ బరువెక్కుతుంది. తాళం ఇంకొంచెం వెనక్కి తిప్పితే స్టీరింగ్ లాక్ పడే బండ్లు కూడా ఉన్నాయి. వంపు ముందుంది, వెనక బాక్సుల బరువు నెడుతోంది. ఏ ఆయుష్షు గురించి మాట్లాడుతున్నారు?

సరే, ఇంజిన్ ఆపలేదు, న్యూట్రల్‌లో మాత్రమే వదిలారనుకుందాం. బండిని పట్టే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. డ్రమ్ములు కాగుతాయి, లైనింగ్ పట్టు వదిలేస్తుంది, వీల్ సిలిండర్ల దాకా వేడి పాకుతుంది. డాట్-3 ఫ్లూయిడ్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగకూడదు, కానీ అది గాల్లో తేమను పీల్చుకునే రకం, తేమ పట్టాక 140 దగ్గరే మరగొచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు చేరతాయి, పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారని అడిగితే మనలో ఎంతమంది చెప్పగలరు?

డీజిల్ మిగలడం అనేదీ అబద్ధమే. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే, ఐడిల్‌కు పైన తిరుగుతున్నంతసేపు పాత డీజిల్ పంపులో గవర్నర్ అనే భాగమే డీజిల్ ఆపేస్తుంది, కొత్త బండిలో ఆ పని ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, చేస్తుంది. న్యూట్రల్‌లో వేస్తే ఐడ్లింగ్‌కు డీజిల్ తాగుతూనే ఉంటుంది. గేరులో దిగేవాడికి డీజిల్ మిగులుతుంది, బ్రేకు మిగులుతుంది, ప్రాణం మిగులుతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరు పట్టిందో దిగేటప్పుడూ అదే గేరు అని పాత డ్రైవర్లు ఊరికే చెప్పలేదు. ఇంజిన్ అరిచేంత చిన్న గేరులోకి మధ్యలో ఉన్నట్టుండి దింపకండి, ఘాట్ మొదట్లోనే గేరు దింపి బయల్దేరండి. తిరుమల ఘాట్‌లో దిగే బండికి కనీస సమయం పెట్టారంటే దిగడంలో ఉన్న ప్రమాదం తెలిసే పెట్టారు. ఈ పాయింటు ఉన్న మెసేజ్‌ను ఫార్వర్డ్ చేసినవాళ్ళు దయచేసి వెళ్ళి డిలీట్ చేయండి, పంపినవాళ్ళకు ఫోన్ చేసి తప్పని చెప్పండి.

మిగతావి త్వరగా. "ఆయిల్ మార్చక్కర్లేదు, తగ్గినంత పోస్తే చాలు": మసి, ఆమ్లం, లోహపు పొడి ఎక్కడికీ పోవు, ఫిల్టర్ నిండాక అవన్నీ బేరింగుల్లోనే తిరుగుతాయి. "డీజిల్‌లో కిరోసిన్ కలిపితే నాజిల్స్ శుభ్రం": పంపుకు డీజిలే కందెన, దాన్ని పలచన చేసి శుభ్రం అంటారా? "కూలెంట్ ఎందుకు, బోరు నీళ్ళు చాలు": మన బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా ఏం కడుతుందో ఇంట్లో ఆడవాళ్ళను అడగండి, అదే రేడియేటర్‌లోనూ కడుతుంది. "పొద్దున పావుగంట ఐడ్లింగ్": వద్దు, కాసేపాగి నిదానంగా బయల్దేరండి, లోడు మీదే త్వరగా కాగుతుంది.

"సల్ఫర్ తీసేసిన కొత్త డీజిల్ పాత పంపులను తినేస్తోంది" అని కూడా రాశారు. బీఎస్ అంటే బండ్ల పొగకు ప్రభుత్వం పెట్టిన ప్రమాణం. బీఎస్-3 డీజిల్‌లో 350 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 350) దాకా ఉన్న సల్ఫర్ బీఎస్-4లో 50కి, 2020 నుంచి బీఎస్-6లో 10కి తగ్గిన మాట నిజం. సల్ఫర్ తీసే క్రమంలో డీజిల్ జారుడు గుణం తగ్గుతుందన్నదీ నిజం. అందుకే రిఫైనరీలోనే దానికి జారుడు పెంచే మందు కలుపుతారు, ఎంత అరుగుదల దాటకూడదో ప్రమాణం కూడా ఉంది. పైగా సల్ఫర్ తగ్గితే ఆయిల్‌లో ఆమ్లం తగ్గుతుంది, పాత ఇంజిన్‌కు అది మేలే.

ఒక్క విషయంలో మాత్రం ఆ మెసేజ్ చెప్పింది ఒప్పుకోవాలి. తిరుపతి టౌన్‌లోనే పాల క్యాన్లో, వాటర్ క్యాన్లో వేసుకుని రెండేసి కిలోమీటర్లకు ఆగే పనికి బీఎస్-6 డీజిల్ బండి సరిపడదు. పొగలో మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్, దాంట్లో చేరిన మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి, కొంతసేపు ఆగకుండా నడవాలి. టౌన్ తిరుగుడులో ఆ అవకాశమే రాదు, లైటు వెలుగుతుంది, బండి పవర్ తగ్గించేస్తుంది, షెడ్డుకు పోవాల్సిందే. కల్తీ డీజిల్ పడినా, నీళ్ళు కలిసినా, వెయ్యి బార్లకు పైగా ప్రెషర్‌తో పనిచేసే కామన్ రైల్ ఇంజెక్టర్లు పాత నాజిల్స్‌లా ఓర్చుకోవు, నాలుగూ మార్చాల్సి వస్తే చిన్న ఓనర్ నడ్డి విరుగుతుంది. పాత బండిని ఏ ఊళ్ళో ఆగినా ఆ ఊరి మెకానిక్ స్పానర్లతో నడిపించి పంపగలడు. ఆ ధైర్యం చిన్న విషయం కాదు, దాని కోసం పాతది ఉంచుకునేవాళ్ళను నేను తప్పుపట్టను.

కానీ మెసేజ్ చివరి పాయింటు "ఎక్కడ దొరికినా పాత పికప్ కళ్ళు మూసుకుని కొనండి". కళ్ళు తెరిచే కొనండి. ఎనిమిదేళ్ళు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పదిహేను దాటితే ఆ ఫీజు కూడా బాగా ఎక్కువ, అది ముందే లెక్కలో వేసుకోండి. బండి చూడ్డానికి పొద్దున్నే పోండి, ముందుగా స్టార్ట్ చేసి పెట్టొద్దని చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసి అప్పుడు స్టార్ట్ చేయమనండి. వేడెక్కాక ఆయిల్ పోసే మూత విప్పండి, అందులోంచి పొగ గుప్పుగుప్పున తంతుంటే రింగుల పని ఉన్నట్టే. సైలెన్సర్‌లో నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ తాగుతోందని అర్థం. రేడియేటర్ మూత మాత్రం చల్లగా ఉన్నప్పుడే విప్పి చూడండి, నీళ్ళ మీద ఆయిల్ జిడ్డు తేలుతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానపడాలి. తర్వాత లోడేసి ఏదైనా ఎత్తు ఎక్కించి టెంపరేచర్ ముల్లు చూడండి. అమ్మేవాడు దీనికి ఒప్పుకోకపోతే అడ్వాన్స్ ఇవ్వకుండా తిరిగొచ్చేయండి.