ఆ ఐదు అక్షరాల జోలికి పోకండి

పాత ప్రోగ్రాం దొరగ్గానే సి భాషలోకి పోర్ట్ చేస్తామని, అంటే ఇప్పటి మెషీన్ల మీద నడిచేలా తిరగరాస్తామని కూర్చునేవాళ్లు ముందుగా చేసే పని, అందులో మాటల్ని దాచుకునే పద్ధతంతా పీకేసి ఇప్పటి స్ట్రింగులు, అంటే ఎంత పొడవు మాటైనా పట్టే అక్షరాల వరసలు, పెట్టేయడం. నా పేచీ అంతా దాంతోనే.

మాటలు టైప్ చేస్తూ గుహలో తిరిగే అడ్వెంచర్ అనే పాత కంప్యూటర్ ఆటనే తీసుకోండి. విల్ క్రౌథర్ మొదలుపెట్టింది, 1977లో డాన్ వుడ్స్ పెంచింది, పీడీపీ-10 మెయిన్‌ఫ్రేమ్ మీద ఫోర్‌ట్రాన్ భాషలో రాసింది. అక్షరాలకు విడిగా ఒక టైపు ఫోర్‌ట్రాన్ 77తో గానీ రాలేదు కాబట్టి అప్పట్లో మాటల్ని కూడా అంకెల వేరియబుల్‌లోనే కుక్కేవాళ్లు. పీడీపీ-10లో ఒక్కో వేరియబుల్‌కి 36 బిట్లు, అక్షరానికి 7 చొప్పున ఐదు అక్షరాలు, చివర ఒక బిట్ ఖాళీ. ల్యాంప్ అని కొడితే నాలుగు అక్షరాలు, పక్కన ఒక స్పేస్. ఇన్వెంటరీ అని కొడితే ఐ, ఎన్, వి, ఇ, ఎన్. మిగతాది ఆటకి అక్కర్లేదు.

అందుకే ఈశాన్యానికి పోవాలని నార్త్‌ఈస్ట్ అని మొత్తం టైప్ చేస్తే ఉత్తరానికి తీసుకుపోతుంది! ఎన్ఈ అని కొట్టమని ఆటే తన సూచనల్లో మనకి చెబుతుంది. మీరు పూర్తి పదం చదివేలా మార్చేస్తే ఆ వాక్యం అబద్ధమైపోతుంది కదా, ఆట తన గురించి తాను చెప్పిన మాట.

ఇంకోటి, నాకు చాలా ఇష్టమైనది. మెమరీలోకి తొంగిచూసి ఆటలోని మంత్రం మాటలు పట్టేయకుండా వుడ్స్ ప్రతి పదాన్నీ పి-హెచ్-ఆర్-ఓ-జి అనే ఐదక్షరాల మాటతో ఎక్స్‌ఆర్ చేశాడు, అంటే రెండింటి బిట్లనీ కలిపి గుర్తుపట్టలేకుండా మార్చాడు. మాట అంకె కాబట్టే అది ఒక్క లైన్లో అయిపోయింది. స్ట్రింగులు పెడితే ఆ లైన్‌కి అర్థమే ఉండదు.

నేను కూడా మొదట్లో 64 బిట్ల వేరియబుల్‌లో 36 బిట్లు పెట్టేసి పనైపోయిందనుకున్నా. తర్వాత పదాల్ని వరసలో పెట్టే చిన్న రొటీన్ రాస్తే పీడీపీ-10ని అనుకరించే సిమ్యులేటర్‌లో ఒక క్రమం, నా పోర్ట్‌లో ఇంకో క్రమం. రెండు రాత్రుళ్లు ఒకటే టెన్షన్. చివరికి చూస్తే, ఇంగ్లీషు పెద్ద 'ఏ' (A) కోడ్ 65, అంటే బిట్లలో 1000001. ఆ మొదటి 1 సరిగ్గా సైన్ బిట్ మీద, అంటే సంఖ్య ప్లసా మైనసా అని చెప్పే బిట్ మీద పడుతుంది. అంటే పీడీపీ-10లో అక్షరంతో మొదలయ్యే ప్రతి మాటా మైనస్ సంఖ్యే, అంకెతో మొదలైతే ప్లస్. అక్కడ అక్షరాలు ముందు, అంకెలు తర్వాత. నా దగ్గర తిరగబడింది. ఎడమకి 28 బిట్లు జరిపి, సైన్ పోకుండా మళ్లీ కుడికి 28 జరిపితే కుదిరింది.

ఇప్పటివాళ్లకి పూర్తి పదాలు కావాలంటే తప్పకుండా పెట్టండి, కానీ అది విడిగా ఒక ఆప్షన్‌గా ఉండాలి, ఆ ఆప్షన్ వేసినప్పుడు ఎన్ఈ గురించిన సూచన కూడా తెరమీద కనిపించకూడదు.