రియాలాక్‌ని నేరుగా పిలవడం ఇక ఆపుదాం

సీ ప్రోగ్రామింగ్ భాష నేర్పేటప్పుడు, మెమరీ అడిగి తీసుకునే మాలాక్‌కి ఒక క్లాసు, దాన్ని తిరిగిచ్చే ఫ్రీకి ఒక క్లాసు కేటాయిస్తారు. తీసుకున్న మెమరీ సైజు మార్చే రియాలాక్‌కి మాత్రం గంట కొట్టే ముందు మిగిలిన రెండు నిమిషాలే. "సైజు చాలకపోతే దీంతో పెంచుకోండి" అని చెప్పి బోర్డు మీద ఒక లైను రాస్తారు: పి = రియాలాక్(పి, కొత్తసైజు). పి అంటే ఆ మెమరీ బ్లాకు అడ్రస్ దాచుకునే పాయింటర్. పిల్లలు రాసుకుంటారు. ఆ లైనే ఇరవై ఏళ్ల తర్వాత కూడా ప్రొడక్షన్ కోడ్‌లో కనబడుతుంది.

ఆ లైను తప్పు. మెమరీ దొరక్కపోతే రియాలాక్ నల్ (ఎక్కడికీ చూపించని ఖాళీ పాయింటర్) ఇస్తుంది, పాత బ్లాకును మాత్రం ముట్టుకోదు. అది హీప్‌లో, అంటే ప్రోగ్రామ్ అడిగి తీసుకునే మెమరీలో, క్షేమంగానే ఉంటుంది. కానీ దాని అడ్రస్ తెలిసిన ఒకే ఒక్క పాయింటర్ మీద మనమే నల్ రాసేశాం. ఇక ఆ డేటా చదవలేం, ఫ్రీ చేయలేం. వచ్చిన విలువను ముందు వేరే పాయింటర్‌లోకి తీసుకుని, నల్ కాదని చూసుకున్నాకే పి లో పెట్టాలి. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు ఈ తప్పు చూసి చూసి విసిగిపోయారేమో, ఫెయిలైతే పాత బ్లాకును కూడా విడుదల చేసేసే రియాలాక్ఎఫ్ అని ఇంకో ఫంక్షన్ పెట్టుకున్నారు.

ఈ మాట ఎక్కడ అన్నా "ప్రోగ్రామర్ ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయాలి గురూ" అనే జవాబు వస్తుంది. నేను ఒప్పుకోను. తిరకాసు ఆ ఫంక్షన్ తయారీలోనే ఉంది. పాయింటర్ నల్ అయితే అది మాలాక్‌లా పనిచేస్తుంది. సైజు తగ్గిస్తే కుదిస్తుంది. పెంచితే ఉన్నచోటే సాగదీస్తుంది, కుదరకపోతే వేరేచోటికి కాపీ చేసి పాతది ఫ్రీ చేస్తుంది. సైజు సున్నా ఇస్తే? అక్కడే అసలు కథ.

సీ భాష నియమాల 1989 కూర్పు, అదే సీ89 స్టాండర్డ్, ఈ విషయంలో స్పష్టంగానే ఉంది: పాయింటర్ నల్ కాకుండా సైజు సున్నా అయితే ఆ బ్లాకు ఫ్రీ అవుతుంది. అది నమ్మి జనం కోడ్ రాసుకున్నారు. సీ99లో ఆ వాక్యం మాయమైంది. ఈలోగా లైబ్రరీలు తలో దారి పట్టాయి. లైనక్స్‌లో ఎక్కువగా వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ బ్లాకును ఫ్రీ చేసి నల్ ఇస్తుంది. బీఎస్‌డీ వైపు కొన్ని, పాతది ఫ్రీ చేసి, ఫ్రీ చేయదగ్గ ఇంకో చిన్న పాయింటర్ చేతిలో పెడతాయి. సీ17 వచ్చేసరికి సున్నా సైజుతో పిలవడం కాలం చెల్లిన అలవాటు అన్నారు. సీ23లో ఏకంగా అండిఫైన్డ్ బిహేవియర్, అంటే ఏం జరిగినా స్టాండర్డ్‌కి సంబంధం లేదు, అని తేల్చేశారు. అంటే 1989లో స్టాండర్డ్ చెప్పినట్టే రాసిన మనిషి, ఒక్క అక్షరం మార్చకుండానే, ఇప్పుడు తప్పు చేసినవాడయ్యాడు!

ఇది పుస్తకాల్లోనే ఉండే గొడవ అనుకోకండి. సున్నా సైజుతో పిలిచాక నల్ వచ్చిందనుకోండి. ఫెయిలై వచ్చిందా, ఫ్రీ చేసి వచ్చిందా? ఫెయిలైంది అనుకుని మనం ఫ్రీ చేస్తే, అది ముందే ఫ్రీ అయి ఉంటే డబుల్ ఫ్రీ, అంటే ఒకే బ్లాకును రెండుసార్లు విడిచిపెట్టడం. ఫ్రీ అయిపోయింది అనుకుని వదిలేస్తే, అది నిజంగా ఫెయిలై ఉంటే లీక్, ఆ మెమరీ ఇక తిరిగిరాదు. వెనక్కి వచ్చిన ఆ ఒక్క విలువను చూసి ఏది జరిగిందో తేల్చుకునే దారి, ఎక్కడైనా పనిచేసే దారి, లేదు. పైగా ఆ సున్నా మనం కావాలని రాసేది కాదు. లిస్టులోంచి చివరి ఎలిమెంట్ తీసేశాక లెక్క సున్నాకి వస్తుంది. బయటి ఫైలులోంచి చదివిన పొడవు సున్నా అయి ఉంటుంది.

రెండో ప్రమాదం నిశ్శబ్దంగా వస్తుంది. రియాలాక్ బ్లాకును కదిలించవచ్చు అని అందరికీ తెలుసు, కానీ పూర్తి అర్థం కొంతమందికే ఎక్కుతుంది. ఆ బ్లాకు మధ్యలోకి చూపించే ప్రతి పాయింటర్ ఆ క్షణంలో చచ్చిపోతుంది. ఒక ట్రీ నోడ్లన్నీ ఒకే అర్రేలో పెట్టి, పిల్ల నోడ్ దగ్గర తల్లి నోడ్ అడ్రస్ దాచామనుకోండి. అర్రే పెరిగి కదిలిందా, ట్రీ మొత్తం స్మశానానికి దారి చూపిస్తూ ఉంటుంది. పాత అడ్రస్‌కీ కొత్త అడ్రస్‌కీ తేడా లెక్కగట్టి అన్నీ సర్దేస్తాం అనే తెలివైనవాళ్లు ఉంటారు. పాత పాయింటర్ విలువను ఆ తర్వాత పోల్చడం కూడా స్టాండర్డ్ ప్రకారం చెల్లదు, కంపైలర్ ఏమైనా చేసుకోవచ్చు. అడ్రస్ బదులు ఇండెక్స్ (అర్రేలో ఎన్నో గడి అన్నది) దాచుకుంటే ఈ బాధే ఉండదు. సీ99 తెచ్చిన ఫ్లెక్సిబుల్ అర్రే మెంబర్, అదే స్ట్రక్చర్ చివర పొడవు రాయకుండా వదిలేసే అర్రే, దీనికి ఇంకాస్త మసాలా. అక్కడ పెంచితే డేటాతో పాటు హెడరే (స్ట్రక్చర్ ముందు భాగమే) కదులుతుంది, దాని అడ్రస్ పట్టుకున్నవాళ్లందరికీ కబురు చెప్పాలి.

ఇందులో టెన్షన్ పెట్టే సంగతేంటంటే, టెస్టుల్లో ఇది బయటపడదు. చిన్న డేటాతో బ్లాకు తరచూ ఉన్నచోటే పెరుగుతుంది, అంతా సజావుగా నడుస్తుంది. లైనక్స్‌లో జీలిబ్‌సీ అయితే పెద్ద బ్లాకులను ఎమ్‌మ్యాప్ అనే సిస్టమ్ కాల్‌తో నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి తెచ్చుకుని, పెంచాల్సి వచ్చినప్పుడు ఎమ్‌రీమ్యాప్‌తో పేజీలను అసలు కాపీయే లేకుండా జరిపేయగలదు. మన మెషీన్‌లో రాకెట్‌లా పరిగెత్తిన కోడ్ ఇంకో ప్లాట్‌ఫామ్‌లో ఎందుకు పాకుతుందో అప్పుడు అర్థం కాదు. ఒక్కో ఎలిమెంట్ వచ్చినప్పుడల్లా ఒక్కో గడి పెంచుకుంటూ పోతే, ప్రతిసారీ కాపీ జరిగే చోట 10 లక్షల ఎలిమెంట్లకు దాదాపు 50,000 కోట్ల కాపీలు. నిండినప్పుడల్లా రెట్టింపు చేస్తే మొత్తం కలిపి 10.5 లక్షల లోపే.

నల్ వచ్చినప్పుడు నడవాల్సిన కోడ్ సంగతీ అంతే. లైనక్స్ మామూలుగా ఉన్నదానికన్నా ఎక్కువ మెమరీ ఇస్తానని మాటిస్తుంది, కాబట్టి డెవలపర్ మెషీన్‌లో ఆ దారి దాదాపు ఎప్పుడూ నడవదు. ప్రోగ్రామ్‌కి హద్దులు పెట్టే యూలిమిట్ కమాండ్‌తో అడ్రస్ స్పేస్ బిగించి ఒకసారి నడిపి చూడండి, మీ ఎర్రర్ హ్యాండ్లింగ్ రంగు తెలుస్తుంది.

మరి ఏం చేయాలి అంటారా? ప్రాజెక్టులో ఒకేచోట, ఒకే ఒక్క ఫంక్షన్‌లో రియాలాక్ ఉండాలి. మిగతా కోడ్‌లో ఎక్కడ కనబడినా రివ్యూలో వెనక్కి పంపాలి. ఆ ఫంక్షన్ డేటా పాయింటర్, ఎన్ని నిండాయి, ఎన్నింటికి చోటుంది అనే మూడూ ఉన్న స్ట్రక్చర్‌ని తీసుకుంటుంది. సున్నాని రియాలాక్ దాకా పోనివ్వదు, దానికి ఫ్రీ పిలిచి నల్ పెడుతుంది. ఫెయిలైతే పాత స్ట్రక్చర్‌ని అలాగే ఉంచి తప్పు అని చెబుతుంది. రాస్తే ఇరవై లైన్లు దాటదు.

ఇక్కడ లూవా అనే స్క్రిప్టింగ్ భాష వాళ్లను మెచ్చుకోవాలి. వాళ్లు కూడా కేటాయించడానికి, పెంచడానికి, విడిచిపెట్టడానికి ఒకే ఫంక్షన్ అడుగుతారు. కానీ పాత సైజు ఎంతో కూడా దానికి చెబుతారు, కొత్త సైజు సున్నా అయితే ఫ్రీ చేసి నల్ ఇవ్వాలి అని మాన్యువల్లో తేల్చి రాశారు. ఒకే ఫంక్షన్ పది పనులు చేయడం మీద నాకు కోపం లేదన్నమాట. ఏ పని ఎప్పుడు చేస్తుందో చెప్పకపోవడం మీదే.

"రియాలాక్ చుట్టూ ఇలా రాపర్ ఫంక్షన్ పెడితే స్పీడ్ తగ్గదా?" అని అడిగేవాళ్లు ముందు, టైమ్ ఎక్కడ పోతుందో చూపించే ప్రొఫైలర్ పెట్టి చూడండి. రెట్టింపు చేసే పద్ధతిలో ఆ ఫంక్షన్ 10 లక్షల ఎలిమెంట్లకు ఓ ఇరవై సార్లు పిలవబడుతుంది. "ఇదంతా ఎందుకు, సీ వదిలేయండి" అనేవాళ్లకి: మీరు వాడే భాష రన్‌టైమ్ చాలావరకు సీలోనే ఉండి ఉంటుంది, ఆ కోడ్ ఎవరో ఒకరు చూసుకోవాలి కదా.

ఇంకొక్కటి, గుణకారం. లెక్క ఇంటూ ఎలిమెంట్ సైజు అని రియాలాక్‌కి ఇస్తాం. ఆ లబ్ధం, సైజులు పెట్టుకునే సైజ్‌టీ రకం హద్దు దాటితే చుట్టు తిరిగి చిన్న సంఖ్య అవుతుంది, చిన్న బ్లాకు వస్తుంది, మనం పెద్దదనుకుని రాసేస్తాం. మెమరీని సున్నాలతో నింపి ఇచ్చే కాలాక్‌కి లెక్క, సైజు విడివిడిగా ఇస్తాం కాబట్టి మంచి లైబ్రరీల్లో అది చూసుకుంటుంది. రియాలాక్‌కి అదే సౌకర్యాన్ని రియాలాక్అర్రే పేరుతో ఓపెన్‌బీఎస్‌డీ 2014లో ఇచ్చింది, జీలిబ్‌సీ 2017లో తీసుకుంది, యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి స్టాండర్డ్ పోసిక్స్ 2024లో చేర్చింది. సీ స్టాండర్డ్‌లో ఇంకా లేదు. సీ23 కమిటీకి స్ట్రింగ్ కాపీ చేసే స్ట్ర్‌డూప్‌ను చేర్చడానికి తీరిక దొరికింది, దీనికి దొరకలేదు. కాబట్టి ఆ ఇరవై లైన్లలో గుణించే ముందు భాగహారంతో హద్దు చూసుకునే లైను కూడా మీరే రాసుకోండి.