సీసాకు కప్పిన దుప్పటి

చలికాలంలో ఇంట్లోని మందపాటి దుప్పటి ఎవరికి చెందాలన్న విషయంలో మానవజాతి ఇంతకాలం పొరబడుతూ వచ్చిందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. మనిషికి చలి వేస్తే వణుకుతాడు, విసుక్కుంటాడు, ముడుచుకుని పడుకుంటాడు. అంతకుమించి లోకానికి వాటిల్లే నష్టమేమీ లేదు. ఫోటో ఫిల్ము కడిగే డార్క్‌రూమ్ అరలో నిలబడ్డ డెవలపర్ సీసాకు (ఫిల్ములో దాగిన బొమ్మను పైకి తెచ్చే ద్రావణం అది) చలి వేస్తే మాత్రం అది వణకదు, గొణగదు, రంగు మార్చదు. పోసినప్పుడు బుద్ధిగా ఫిల్ము ఉన్న ట్యాంకులోకి దిగి, లోపల చేయవలసిన పనిలో సగం కూడా చేయకుండా, నిర్ణీత సమయం కాగానే అంతే బుద్ధిగా బయటికి వచ్చేస్తుంది. ఇంత హుందాగా పని ఎగ్గొట్టడం మనలో ఎంతటి అనుభవజ్ఞులకైనా అలవడని విద్య.

ఈ విద్యలో ఆరితేరినది డెవలపర్‌లో ఉండే హైడ్రోక్వినోన్ అనే రసాయనం. 1927లో కొడాక్ వారు తెచ్చిన డీ-76 అనే డెవలపర్ సూత్రాన్నే తీసుకుంటే, లీటరు ద్రావణంలో మెటాల్ 2 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు ఉంటాయి. మెటాల్ ముందుగా రంగంలోకి దిగి నీడల్లోని వివరాలను పైకి తెస్తుంది. పని చేసి చేసి అది చతికిలబడినప్పుడల్లా మళ్లీ లేపి నిలబెట్టేది, వెలుగు బాగా పడిన చోట వెండి దట్టంగా పేరుకునేలా చూసేది హైడ్రోక్వినోన్. ఈ రెండూ కలిస్తే, విడివిడిగా చేసే పనుల మొత్తం కంటే ఎక్కువ పని జరుగుతుంది. ఐకమత్యం మీద ఉపన్యాసాలిచ్చేవారు ఈ ఉదాహరణను ఎందుకు వాడుకోరా అని చాలాకాలం ఆశ్చర్యపోయాను. బహుశా చలికాలంలో దీని గతి ఏమవుతుందో వారికి తెలిసే ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాడికి భుజం ఆనించి నడిచే హైడ్రోక్వినోన్, సుమారు 13 డిగ్రీలకు వచ్చేసరికి దాదాపుగా కాడి వదిలేస్తుంది. మెటాల్ ఒంటరిగా, ఈసురోమంటూ, బండిని లాక్కుపోతుంది.

ఈ పరమసత్యం నాకు పుస్తకాల ద్వారా బోధపడలేదు. కిందటి చలికాలంలో, ఎండలో కూర్చున్న ఒక తెల్లగడ్డం పెద్దాయన ఫోటోలున్న రీలును కడిగాను. జగ్గులోని డెవలపర్‌ను థర్మామీటరుతో కొలిచాను. సరిగ్గా 20 డిగ్రీలు. శాస్త్రీయ దృక్పథం కలవాడినని నన్ను నేను అభినందించుకున్నాను. ఆ డెవలపర్‌ను పోసిన స్టీలు ట్యాంకు మాత్రం రాత్రంతా బండల మీద ఉందన్న సంగతి గానీ, నిమిషానికొకసారి తిప్పి మళ్లీ అదే బండల మీద పెడుతున్నానన్న సంగతి గానీ నా శాస్త్రీయ దృక్పథానికి తట్టలేదు. నెగటివ్‌లో నలుపు తెలుపులు తారుమారవుతాయి; అసలు దృశ్యంలోని తెల్లటి భాగాలు అందులో ఎంత నల్లగా ఉండాలంటే, అడుగున పత్రిక పెడితే అక్షరాలు అతికష్టం మీద కనబడాలని అనుభవజ్ఞులు చెబుతారు. ఆ పెద్దాయన గడ్డం లోంచి నాకు కామాలు కూడా కనిపించాయి. ప్రింటు తీస్తే గడ్డం, చొక్కా, వెనకనున్న సున్నపు గోడ, మూడూ ఒకే బూడిద రంగులో, ఒకే కుటుంబానికి చెందినట్టు ఉన్నాయి. మరుసటి రీలుకు అనుమానం వచ్చి, పని ముగిశాక బయటికి వంపిన డెవలపర్‌లో థర్మామీటరు ముంచితే అది 15 చూపించింది.

ఇలాంటప్పుడు తప్పు ఒప్పుకోవడం సామాన్యుల పద్ధతి. నేను ఆ ప్రింటును మిత్రులకు చూపించి, కాంట్రాస్టు, అంటే నలుపు తెలుపుల మధ్య తేడా, అనే మొరటు ఆకర్షణను ఉద్దేశపూర్వకంగా త్యజించానని, వార్ధక్యంలోని నిశ్శబ్దాన్ని మంద్రస్థాయి బూడిద వన్నెల్లో పట్టుకున్నానని ప్రకటించాను. ఇద్దరు తల ఊపారు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత పాతబడిపోయింది. ఇప్పుడు ఆ ఓటి చప్పుడే మా శైలి అంటున్నాం. ప్రతి ఏటా శీతాకాలంలోనే ఎందుకు ఇంతమంది ఛాయాచిత్రకారులకు విషాద దృష్టి కలుగుతుందో విమర్శకులు పరిశోధించదలిస్తే, వారి చేతికి ముందుగా ఒక థర్మామీటరు ఇవ్వాలి.

సమయం పెంచితే సరిపోదా అని అడిగేవారు ఉంటారు. కొంతవరకు సరిపోతుంది. డిగ్రీ తగ్గినకొద్దీ సుమారు పది శాతం చొప్పున పెంచుకుంటూ పోవాలన్నది మోటు లెక్క. పది నిమిషాల పని 18 డిగ్రీల దగ్గర పన్నెండు నిమిషాలు పడుతుంది. అయితే ఏ ఉష్ణోగ్రతకు ఎంతసేపో చూపే అచ్చు పట్టికలు దిగువన ఎక్కడో ఒకచోట ఆగిపోతాయి. అచ్చువేసినవారికి కాగితం చాలలేదేమోనని జాలిపడి, మనలాంటి ఔత్సాహికులు స్కేలు పెట్టి ఆ గీతను 10 డిగ్రీల దాకా పొడిగిస్తారు. రెండు ఎడ్లూ సమానంగా నెమ్మదిస్తే ప్రయాణం ఆలస్యమవుతుంది, అంతే. ఒకటి నడుస్తూ రెండవది పడుకుంటే, ఎన్ని గంటలు అదనంగా ఇచ్చినా బండి వేరే దారి పడుతుంది.

మిగిలిన సీసాల ప్రవర్తన కూడా చెప్పుకోదగినదే. డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్ కోసం దాచిన గాఢ ఎసిటిక్ ఆమ్లం 16.6 డిగ్రీల దగ్గరే గడ్డకట్టి, సీసాలో మంచుబిళ్లలా బిగుసుకుపోతుంది. దానికి గ్లేషియల్, అంటే మంచులాంటిది, అన్న పేరు అందుకే వచ్చింది కాబట్టి దాన్ని తప్పుపట్టలేం, ముందే చెప్పి చేసింది. గాఢ డెవలపర్లలో కొన్నింటికి చలి తగిలితే అడుగున స్ఫటికాలు పేరుకుంటాయి. మడ్డి దిగింది కాబోలు అనుకుని పైతేట మాత్రం జాగ్రత్తగా వంచుకునే పరిశుభ్రతాప్రియులు కొందరుంటారు. వారు డబ్బిచ్చి కొన్నది చాలావరకు ఆ మడ్డిలోనే ఉంటుంది. సీసాను గోరువెచ్చటి నీళ్లలో నిలబెట్టి, స్ఫటికాలన్నీ కరిగేదాకా కదిపితే పోయేదానికి ఇంత వైరాగ్యం అక్కరలేదు.

బొమ్మ కట్టని వెండి లవణాన్ని ఫిల్ము నుంచి కరిగించే ఫిక్సర్‌లో వాడే హైపో సంగతి వేరు. సోడియం థయోసల్ఫేట్ పలుకులకు నీటిలో కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కునే స్వభావం ఉంది. పావుకిలో పలుకులు లీటరు నీళ్లలో వేసి కలిపితే, గ్లాసు పట్టుకున్న వేళ్లు జివ్వుమనేటట్టు, ఉష్ణోగ్రత ఉన్నదానికంటే పది డిగ్రీల దాకా తగ్గిపోగలదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, అసలే వణుకుతున్న గదిలో ఇదొక అదనపు సేవ. ఆ చల్లటి ఫిక్సర్‌లో ఫిల్ము చాలాసేపు పాలు పూసినట్టు తెల్లగానే ఉంటుంది. గడియారం చూసి బయటికి తీసినవాడికి ఆ పాలు మిగులుతాయి. ముక్క ఒకటి వేసి, అది తేటపడటానికి పట్టిన సమయానికి రెట్టింపు ఉంచాలన్న పాత పద్ధతి, గడియారాన్ని కాక కళ్లను నమ్మమంటుంది గనుక ఆధునికులకు రుచించదు.

చలి చేసే మేలు ఒకటి ఉందని న్యాయంగా ఒప్పుకోవాలి. చల్లటి చోట మూత బిగించి నిండుగా ఉంచిన డెవలపర్ ఆక్సీకరణకు తొందరగా లొంగదు, గోధుమరంగుకు తిరగదు. ఏ పనీ చేయకుండా కూర్చున్నవారికి ఆయుష్షు ఎక్కువన్నది రసాయనశాస్త్రం కూడా ధ్రువీకరించిన విషయమే.

జ్ఞానోదయమైన కొత్తలో నేను రెండో అతికి పోయాను. డెవలపర్‌ను 24 డిగ్రీలకు వేడిచేసి, ఫిల్మును సరాసరి కుళాయి కింద పట్టాను. వెచ్చటి క్షార ద్రావణంలో ఉబ్బిన ఫిల్ము మీది జెలటిన్ పూతకు ఆ చన్నీళ్లు తగలగానే ప్రాణం గిలగిలలాడి ముడతలు పడింది. భూతద్దంలో చూస్తే ఎండిన చెరువులో నెర్రెలు విచ్చిన నేలలా ఉంది. దీన్ని రెటిక్యులేషన్ అంటారు. ఇప్పటి ఫిల్ములను గట్టిపరిచి తయారుచేస్తారు కాబట్టి ఇంతటి భాగ్యం అందరికీ దక్కదు. నాది ఎప్పటిదో పాత రీలు. దీనికి కూడా ఒక కళాత్మక వివరణ సిద్ధం చేసుకున్నాను గానీ, ఈసారి మిత్రులు రాలేదు.

1915లో అంటార్కిటికా మంచులో చిక్కుకున్న ఎండ్యూరెన్స్ ఓడలో ఫోటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ గాజు నెగటివ్ ప్లేట్లు కడిగాడు. డార్క్‌రూమ్‌ను గడ్డకట్టే స్థితికి పైన నిలబెట్టడానికి ప్రైమస్ స్టవ్ వెలిగించుకున్నాడు; కడిగే తొట్టిని వెచ్చగా ఉంచకపోతే ప్లేట్లు మంచుదిమ్మలో ఇరుక్కుపోయే పరిస్థితి. ఆ నెగటివ్‌లను చూసినవారెవరూ విషాద దృష్టి గురించి మాట్లాడినట్టు నేను వినలేదు. గడ్డాలు గడ్డాల్లాగే ఉన్నాయి.

కనుక ఇప్పుడు మా ఇంట్లో ఏర్పాటు ఇలా ఉంది. పెద్ద తొట్టిలో 22 డిగ్రీల నీళ్లు. అందులో డెవలపర్, స్టాప్ బాత్, ఫిక్సర్, కడిగే నీళ్ల జగ్గు, ఖాళీ ట్యాంకు అరగంట ముందునుంచే మెడలోతు స్నానం చేస్తుంటాయి. తొట్టి చుట్టూ దుప్పటి చుట్టి ఉంటుంది. మొన్న రాత్రి మా ఆవిడ తలుపు అవతలినుంచి, "ఏమండీ, దుప్పటి కనబడటం లేదు, మీరేమైనా తీశారా?" అని అడిగింది. ఫిల్ము రీలుకు ఎక్కిస్తున్నాను, దీపం వేయడానికి లేదు, తలుపు తీయవద్దన్నాను. రెండూ నిజాలే.